కొత్త బారెల్, పాత కొలత

ఇర్వింగ్, టెక్సస్
సెప్టెంబర్ 17, 2023

అక్కా,

నీ ఉత్తరం వచ్చింది. ఫోన్‌లో నీ మాట నాకు సగం కూడా వినపడదు. నలభై ఏళ్లు మిషన్ల మధ్య తిరిగిన చెవులివి. అందుకే నువ్వు మళ్లీ కాగితం మీదికి దిగినందుకు సంతోషంగా ఉంది. పొద్దస్తమానం గ్యారేజీలో తలుపేసుకుని ఏం చేస్తావురా అని అడిగావు. చెబుతాను, తిట్టకు.

నీ మరదలు మీనాక్షి పోయిన ఏడాదికి ఇక్కడి రైఫిల్ క్లబ్‌లో చేరానని నీకు తెలుసు. వేట కాదు. ఆరు వందల గజాల దూరంలో కాగితం మీద గురి చూడటం, అంతే. ఆ తూటాలు నేను దుకాణంలో కొనను, ఇంట్లో చేసుకుంటాను. ఇత్తడి కేసులో తుపాకి మందు తూచి పోయాలి, దాని మూతిలో బుల్లెట్ కూర్చోబెట్టాలి. ఆ బుల్లెట్ ఎంత లోతుకి దిగాలన్నదే అసలు విద్య. దాన్ని సీటింగ్ డెప్త్ అంటారు. బారెల్, అంటే తుపాకి గొట్టం, లోపల మెలితిరిగిన గాడులుంటాయి. బుల్లెట్ ముక్కుకీ ఆ గాడుల మొదలుకీ మధ్య రవ్వంత ఖాళీ ఉండాలి. ఎంత అంటే ఇరవై థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఖాళీ ఎక్కువైతే గురి చెదురుతుంది. అసలు లేకపోతే, బుల్లెట్ ముందే గాడుల్లో ఇరుక్కుని ఉంటే, మందు మండగానే లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. విమానాల విడిభాగాలు తనిఖీ చేసి సంతకాలు పెట్టినవాడికి ఇంతకన్నా కాలక్షేపం ఏముంటుంది చెప్పు.

నా బారెల్ ముసలిదైపోయింది. మూడు వేల తూటాలు కాల్చేసరికి లోపలి గాడుల మొదలు కాలి అరిగి ముందుకు జరిగింది. నేనూ బుల్లెట్‌ని కొంచెం కొంచెం బయటికి కూర్చోబెడుతూ, మందు ఓ చిటికెడు పెంచుతూ నెట్టుకొస్తున్నాను.

ఇక్కడ హర్షిత్ అని ఓ కుర్రాడు పరిచయమయ్యాడు. ముప్పై మూడేళ్లు, ఇక్కడే పుట్టాడు, డెంటిస్ట్. లాస్ కొలీనస్‌లో రెండేళ్ల కిందట సొంత క్లినిక్ పెట్టాడు. భార్య పేరు దియ. అంకుల్ అంకుల్ అంటూ నా వెంటే ఉంటాడు. వాడికిప్పుడు కొత్త బారెల్ తయారవుతోంది. చేసేది వెర్నన్ అని డెబ్బై నాలుగేళ్ల గన్‌స్మిత్. నా బారెల్ కూడా అతని చేతిదే. గంట దూరంలో పొలాల మధ్య చిన్న రేకుల షెడ్డు, ఒక్క లేత్ మిషన్. అంతటి పనిమంతుణ్ణి నా సర్వీసులో ముగ్గురినో నలుగురినో చూసుంటాను. హర్షిత్‌కి తీరిక లేదు కాబట్టి వాడి తూటాలు నేనే చేసిస్తానని ఒప్పుకున్నాను.

మోకాలు ఎలా ఉంది? రాయి.

నీ జగ్గు


ఎడిసన్, న్యూజెర్సీ
అక్టోబర్ 2, 2023

ఒరే జగ్గూ,

తిట్టకు అని ముందే అన్నావు కాబట్టి తిట్టడం లేదు. కానీ నువ్వు బుల్లెట్‌ని లోపలికి వెళ్లకముందు చూస్తున్నావు, నేను ముప్పై ఏళ్లు బయటికి తీశాక చూశాను. న్యూవార్క్ ఆసుపత్రిలో పాథాలజీ ల్యాబ్‌కి చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేవి. ముక్కు చప్పిడైపోయి, పుట్టగొడుగులా. వాటికి నంబర్ వేసి, బరువు రాసి, సంతకం పెట్టేదాన్ని. కాబట్టి వాటి అందం గురించి నాకు రాయకు.

అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీనాక్షి పోయాక నువ్వింత పొడుగు ఉత్తరం రాయడం ఇదే. ఆ కుర్రాడికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు, ఎందుకని అడిగితే చెప్పకు.

మోకాలు బాగా లేదు. మెట్లు దిగేటప్పుడు పక్కవాళ్ల అమ్మాయి అవని చెయ్యి పట్టుకుంటోంది. ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయలకి కూడా అదే తీసుకెళుతోంది. వంకాయలు నాకు కావలసినవి ఏరుకోనివ్వదు, తనే ఏరుతుంది. అదొక్కటే బాధ.

కళ్లకి అద్దాలు పెట్టుకునే కాలుస్తున్నారా ఇద్దరూ?

వసుమతి


ఇర్వింగ్
నవంబర్ 9, 2023

అక్కా,

ఒక ఘోరం జరిగింది. శనివారం క్లబ్‌లో హర్షిత్ కొత్త బారెల్‌తో మొదటిసారి కాల్చాడు. మూడో తూటాకి రైఫిల్ వెనక్కి పేలింది. కేసు అడుగు చిట్లి, వేడి గ్యాసు, ఇత్తడి తునకలు, తూటాని లోపలికి నెట్టి బిగించే బోల్ట్ పక్కనుంచి మొహం మీదికి వచ్చాయి. అద్దాలు పెట్టుకునే ఉన్నాడు. కింది సందులోంచి దూరాయి. కుడి కన్ను. రెండు ఆపరేషన్లు చేశారు. నిన్న ఇక లాభం లేదని తీసేశారు.

దియ ఐదు రోజులుగా ఆసుపత్రిలోనే ఉంది. హ్యూస్టన్ నుంచి హర్షిత్ తల్లిదండ్రులు వచ్చారు.

బారెల్‌లో ఏదో లోపం ఉండి ఉండాలని అందరూ అంటున్నారు. కొత్తది కదా. వెర్నన్ రీమర్ అనే కోత పనిముట్టుతో, తూటా కూర్చునే చాంబర్ కోసేటప్పుడు ఎక్కడో తేడా వచ్చి ఉంటుందని క్లబ్ వాళ్లు అనుకుంటున్నారు. రైఫిల్‌ని హర్షిత్ వాళ్ల లాయర్ తీసుకెళ్లాడు, ఎవరో నిపుణుడు చూస్తాడట.

నేను బాగానే ఉన్నాను. పక్క బెంచీ దగ్గర నిలబడ్డాను, నాకేం తగల్లేదు.

జగన్


ఎడిసన్
నవంబర్ 16, 2023

జగన్,

ఉత్తరం చదివాను. ఆ పిల్లవాడి మొహం నేను చూడలేదు, కానీ డెంటిస్ట్‌కి ఒక కన్ను పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. రెండు కళ్లుంటేనే లోతు తెలుస్తుంది. మనిషి నోట్లో మిల్లీమీటర్ల లెక్కన డ్రిల్ పెట్టేవాడికి లోతు తెలియకపోతే ఆ పని ఇక లేనట్టే. కొందరు నేర్చుకుంటారంటారు, ఏళ్లు పడుతుంది. రెండో కన్నుకి ఏమీ కాలేదు కదా? ఇన్‌ఫెక్షన్ రాలేదు కదా? అది రాయి.

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఒక వాక్యం లేదు. రెండు నెలల కిందట, వాడి తూటాలు నేనే చేసిస్తాను అని రాశావు. ఇప్పుడు రాసినదాంట్లో బారెల్ ఉంది, చాంబర్ ఉంది, రీమర్ ఉంది, వెర్నన్ ఉన్నాడు. తూటా దగ్గరికొచ్చేసరికి అది ఎవరు చేశారో లేదు. రిపోర్టులో రాయని గడి ముందు చూడాలని నేను నా దగ్గర చేరిన ప్రతి రెసిడెంట్ డాక్టర్‌కీ చెప్పేదాన్ని.

తూటాలు ఎవరు చేశారు?

అక్క


ఇర్వింగ్
డిసెంబర్ 3, 2023

అక్కా,

నేనే.

రెండు వారాలు ఈ ఒక్క మాట రాసి చింపేస్తున్నాను. ఇప్పుడు మిగతాది కూడా రాస్తాను.

వెర్నన్ బారెల్ బిగించి ఇచ్చింది గురువారం. శనివారం పోటీ. శుక్రవారం సాయంత్రం హర్షిత్ క్లినిక్ నుంచి నేరుగా రైఫిల్ పట్టుకుని వచ్చాడు. కొత్త బారెల్ వస్తే ముందు దాని గాడుల మొదలు ఎక్కడుందో గేజ్‌తో కొలవాలి. దానికి తగ్గట్టు, బుల్లెట్‌ని కేసులోకి దించే డై తిప్పి లోతు మార్చాలి. అరగంట పని. ఎవరి బారెల్‌కి వాళ్ల కొలత, ఇది నేను క్లబ్‌లో పదిమందికి నేర్పిన పాఠం. ఆ సాయంత్రం నేను కొలవలేదు. వెర్నన్ ఇద్దరి బారెళ్లూ ఒకే రీమర్‌తో కోశాడు కదా, రెండూ ఒకటే అనుకున్నాను. నా కోసం చేసి పెట్టుకున్న డబ్బాలోంచి ఇరవై తూటాలు వేరే డబ్బాలో సర్ది, నీకోసం చేశానురా అని ఇచ్చాను. సంతోషంగా పట్టుకెళ్లాడు.

ఒకే రీమర్ నిజమే. కానీ నాది మూడు వేల తూటాలు తిన్న బారెల్. నా తూటాల్లో బుల్లెట్ వాడి బారెల్‌కి ఉండాల్సిన దానికన్నా డెబ్బై థౌ బయటికి ఉంది. దానికి తోడు అరిగిన బారెల్ కోసం పెంచిన మందు. అది నాకు తెలుసు అక్కా. మా అందరిలో అది బాగా తెలిసినవాణ్ణి నేనే. ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

పేలగానే అందరూ వాడి మీదికి వంగారు. బెంచీ మీద మిగతా పదిహేడు తూటాల డబ్బా ఉంది. నేను దాన్ని తీసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. చెయ్యి చేసింది. తర్వాత లాయర్ అడిగితే, పరీక్షకని మూడే చేశాను, మూడూ కాల్చేశాడు అన్నాను.

ఇప్పుడు ఆ నిపుణుడు, చాంబర్ దెబ్బతిన్నది కాబట్టి ఖాయంగా చెప్పలేనుగానీ కోత బిగుతుగా ఉన్నట్టుంది అని రాసిచ్చాడట. పరిహారం కట్టమని వెర్నన్‌కి నోటీసు వెళ్లింది.

ఎవరికీ చెప్పలేదు. నీకే.

జగన్


ఎడిసన్
డిసెంబర్ 11, 2023

జగన్,

నీ ఉత్తరం స్టవ్ మీద కాల్చేశాను. ఇకమీదట ఈ సంగతి కాగితం మీద పెట్టకు.

నువ్వు నా దగ్గర తీర్పు కోసం రాశావో ధైర్యం కోసం రాశావో తెలియదు. నేను నీ అక్కని. నువ్వు డెబ్బై ఏళ్లవాడివి, ఒంటరివాడివి, రెండు స్టెంట్లున్నాయి. నువ్వు వెళ్లి చెప్పినంత మాత్రాన ఆ కన్ను తిరిగి రాదు. వెర్నన్‌ది ఖాయంగా తేలలేదని నువ్వే రాశావు. తేలకుండానే పోతుంది. నోరు మూసుకో.

నేను పెద్ద పుణ్యాత్మురాలినై ఈ మాట చెప్పడం లేదు. నాకూ ఒకటుంది. 1991లో ఒకావిడ పుట్టుమచ్చ స్లైడ్ తప్పు చదివాను. క్యాన్సర్ ఏమీ లేదని సంతకం పెట్టాను. రెండేళ్లకి ఆమె పోయింది. ఆ స్లైడ్ మళ్లీ నా చేతికే వచ్చింది. చూశాను, అర్థమైంది, తిరిగి డ్రాయర్‌లో పెట్టాను. మీ బావకి కూడా చెప్పలేదు, ఆయన పోయేదాకా. పని చేశాను, పిల్లల్ని చదివించాను, రిటైరయ్యాను. బతికాను. నువ్వూ బతుకుతావు.

మందులు వేళకి వేసుకో. ఆ గ్యారేజీకి తాళం వెయ్యి.

అక్క


ఇర్వింగ్
ఫిబ్రవరి 25, 2024

అక్కా,

నువ్వు వద్దన్నా కాగితం మీద పెడుతున్నాను. వేరే దారి లేదు, ఫోన్‌లో ఈ మాటలు నేను గట్టిగా అరిచి చెప్పలేను, నువ్వు చెప్పేది నాకు వినపడదు.

రెండు నెలలు నువ్వు చెప్పినట్టే ఉన్నాను. నిన్న వెర్నన్ వచ్చాడు.

చెప్పకుండా వచ్చాడు. తలుపు తీస్తే టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడెనిమిది కిలోలు తగ్గినట్టున్నాడు. కాఫీ ఇచ్చాను, తాగలేదు. సంచీలోంచి గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క తీసి టేబుల్ మీద పెట్టాడు. హర్షిత్ బారెల్ కోసినప్పుడు చివర మిగిలిన ముక్క. అదే రీమర్‌తో దానికీ చాంబర్ కోసి దాచుకోవడం అతనికి అలవాటు. రీమర్ కూడా తెచ్చాడు.

షాపు మూసేశాడట. ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేశారు, కస్టమర్లు రావడం మానేశారు. లేత్ అమ్మేశాడు. నలభై ఒక్క ఏళ్లు ఆ లేత్ మీదే పని చేశానన్నాడు. మూడు నెలలుగా తన తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతున్నాడట. దొరకలేదట. చూపు ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి.

"నా కొలతలు నేనే నమ్మలేకపోతున్నాను. నీ కొలత నమ్ముతాను. నువ్వు చూసి తప్పు ఉందని చెబితే ఒప్పుకుంటాను. లేదని చెబితే కనీసం నిద్ర పడుతుంది," అన్నాడు.

నేను అతని ఎదురుగా కూర్చుని కొలిచాను అక్కా. గేజ్ తీసి, మైక్రోమీటర్ తీసి, మూడేసిసార్లు. ఎక్కడా ఒక్క థౌ తేడా లేదు. అంత శుభ్రమైన పని. ఏమీ లేదని చెప్పాను. అతను తలూపాడు. ఆ రోజు కాల్చిన తూటాల్లాంటివి ఏమైనా మిగిలాయా, ఒకటి ఇందులో పెట్టి చూస్తే తెలుస్తుందేమో అని అడిగాడు.

లేవన్నాను.

అతను కూర్చున్న కుర్చీకి నాలుగడుగుల దూరంలో, పెయింటు డబ్బాల వెనక ఉన్నాయి.

"అయితే నేనే ఎక్కడో పాడుచేశాను. ఎక్కడో తెలియదు, అంతే," అని లేచాడు. గుమ్మం దగ్గర నా భుజం తట్టి, హర్షిత్ నీకు దగ్గరవాడు, నీ బాధ నాకు తెలుసు అన్నాడు.

అతను వెళ్లాక ఒక తూటా తీసి ఆ ముక్కలో పెట్టాను. లోపలికి పూర్తిగా దిగలేదు. కేసు అడుగు బయటికి నిలబడింది. ఎంత అని కొలవక్కర్లేదు, కంటికే కనిపిస్తోంది. ముక్క నా దగ్గరే వదిలేసి వెళ్లాడు.

నీకు ఇంకా రెండు చెప్పలేదు. ఒకటి, నా నోట్‌బుక్. ప్రతి బారెల్ కొలతా తేదీతో రాసుకుంటానని లాయర్‌కి తెలుసు. అందుకని హర్షిత్ బారెల్ కొలిచినట్టు ఒక పేజీ తర్వాత కూర్చుని రాశాను. సర్వీసులో నేను కొలవని దానికి ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఓసారి మానేజర్ మీదికొచ్చి అరిచినా పెట్టలేదు. ఆ పేజీ అచ్చం మిగతా పేజీల్లాగే ఉంది.

రెండోది ఇంకా ఘోరం. ఆ రోజు మొదటి తూటా పెట్టినప్పుడే వాడు ఆగాడు. నా వైపు తిరిగి, "అంకుల్, బోల్ట్ క్లోజ్ అవట్లేదు, చాలా టైట్ ఉంది," అన్నాడు. చెవులకి చప్పుడు ఆపే మఫ్స్ ఉన్నాయి. నాకు వినపడలేదని ఎవరైనా నమ్ముతారు. వినపడింది. వాడి పెదవులు కూడా చూశాను.

"కొత్త బారెల్ అలాగే ఉంటుంది. గట్టిగా నొక్కు," అన్నాను.

జగన్


ఎడిసన్
మార్చి 4, 2024

తమ్ముడూ,

ఈ ఉత్తరం కాల్చలేదు. నా మంచం పక్క సొరుగులో ఉంది.

డిసెంబర్‌లో నీకు బతికాను అని రాశాను. ఎలా బతికానో రాయలేదు. అది కూడా రాయని గడే.

ఆమె పేరు డొరతీ. స్కూల్ బస్సు నడిపేది. ఆమె పోయిన నెలకి భర్త ఏవో కాగితాల కోసం ల్యాబ్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. నేను లోపలున్నాను, తలుపు తెరిచి ఉంది. అక్కడి గుమాస్తాతో చెబుతున్నాడు: మా ఆవిడకి ఒంటి మీద శ్రద్ధ లేదు, డాక్టర్ దగ్గరికి ముందే వెళ్లుంటే బతికేది, నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు అని. ఆమె ముందే వచ్చింది జగన్. వేళకే వచ్చింది. వేళకి వచ్చిందని తెలిసినది ఆ భవనంలో నేనొక్కదాన్నే. లేచి నాలుగడుగులు వేసి చెప్పి ఉండాల్సింది. ఆయన సంతకం పెట్టి వెళ్లిపోయేదాకా మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టుకుని కూర్చున్నాను. దాని కింద స్లైడే లేదు.

ఆ తర్వాత ప్రతి స్లైడూ రెండుసార్లు చూశాను. వసుమతి అంత జాగ్రత్తపరురాలు లేదని మెచ్చుకునేవారు. రిటైర్‌మెంట్ రోజున ఒక ఫలకం కూడా ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చిన కాగితంలోంచి ఇప్పటిదాకా తియ్యలేదు.

ఆయన చచ్చిపోయేదాకా భార్యని తప్పుపడుతూనే ఉండి ఉంటాడు. ఆ మాట ఆయనకి ఇచ్చింది నేను.

డిసెంబర్‌లో నీకు నేనిచ్చిన సలహా నీ కోసం కాదు. నువ్వు చెబితే నేను చెప్పనిది ఇంకా పెద్దదవుతుందని భయపడ్డాను. ఆ సలహాని వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇంకోటి ఇవ్వను, నాకా అర్హత లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ వెర్నన్ తన తప్పు వెతుక్కుంటున్నాడు. బోల్ట్ నొక్కినవాడు ఏం వెతుక్కుంటున్నాడో నీకు తెలుసా?

అక్క


ఇర్వింగ్
ఏప్రిల్ 21, 2024

అక్కా,

చెప్పాను. ఎవరికి ముందు చెప్పాలో వారం పట్టింది తేల్చుకోవడానికి. ముందు వెర్నన్ దగ్గరికి వెళ్లాను, ఎందుకంటే అది సులభం. ఆ సంగతి కూడా ఇప్పుడే అర్థమైంది.

షెడ్డు ఖాళీగా ఉంది. లేత్ ఉన్నచోట నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు, నూనె మరక. పదిహేడు తూటాలూ, ఆ ముక్కా, నోట్‌బుక్కూ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. అతను ఒక తూటా తీసి ముక్కలో పెట్టి, బయటికి నిలిచిన అడుగు మీద బొటనవేలి గోరు రాసి చూశాడు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, చాంబర్ బాగానే ఉందన్నమాట, అన్నాడు. క్షమించమని అడిగాను. అతను బయటికి నడిచి, నా కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను ఎక్కేదాకా పట్టుకుని, వేసి, లోపలికి వెళ్లిపోయాడు. లాయర్‌కి వాంగ్మూలం రాసిచ్చాను. అతని మీద నోటీసు ఎత్తేశారు. లేత్ కొన్నవాడు దాన్ని ఒక్లహోమాకి తీసుకెళ్లిపోయాడట.

మర్నాడు హర్షిత్ ఇంటికి వెళ్లాను.

క్లినిక్ ఇంకొకరికి అప్పగించేశాడు. ఇంట్లో కాఫీ కలుపుతూ కనిపించాడు. పాలు కప్పులో పోయబోయి రెండుసార్లు పక్కన పోశాడు. వేలితో కప్పు అంచు తాకి పెట్టుకుని, ఆ వేలి పక్కనుంచి మూడోసారి పోశాడు. నేను ముందుకెళ్లబోతే, "ఐ గాట్ ఇట్ అంకుల్," అన్నాడు.

కూర్చోబెట్టి చెప్పాను. కొలవలేదని. నా డబ్బాలోవే ఇచ్చానని. దాచేశానని. పేజీ రాశానని. దియ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. అన్నీ చెప్పి, ఆ చివరి మాట దగ్గర ఆగాను. అప్పుడు వాడే అన్నాడు.

"గట్టిగా నొక్కు అన్నారు కదా అంకుల్?"

అవునన్నాను.

"నిజంగా అన్నారా?"

అన్నాను, నాకు వినపడింది, విని చెప్పాను అన్నాను.

వాడు కప్పు కింద పెట్టాడు. తర్వాత ఇంగ్లీషూ తెలుగూ కలిపి మెల్లగా చెప్పాడు. మీరు స్టాప్ అన్నారేమో, మఫ్స్ ఉన్నాయి కదా, నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. బోల్ట్ టైట్ ఉంటే కాల్చకూడదని బేసిక్ రూల్, మీరే నేర్పించారు. నేను రూల్ బ్రేక్ చేశాను, నా కన్ను నేనే పోగొట్టుకున్నాను అని ఫైవ్ మంత్స్ అనుకున్నాను. దియతో కూడా అదే చెప్పాను. డాడీ అడిగితే కూడా అదే చెప్పాను.

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదక్కా. వాడు వెతుక్కోవడం కూడా లేదు. దొరికిందనుకుని ఆగిపోయాడు. డొరతీ భర్త తన భార్యని అన్న మాట, వీడు తనని తాను అనుకున్నాడు. ఐదు నెలలు నేను వారానికి రెండుసార్లు ఆ సోఫాలోనే వాడి పక్కన కూర్చుని, క్రికెట్ గురించి, ఫిజియోథెరపీ గురించి మాట్లాడాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఇప్పుడు మీరు వెళ్లండి అంకుల్. నేను ఇంకోసారి మాట్లాడతానో లేదో తెలియదు," అన్నాడు. లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. వెళుతూ తలుపు గడియ కోసం చెయ్యి చాపితే అది ముందు గాలిలో పడింది, తర్వాత దొరికింది.

నీకు నేను రాయనిది ఇంకొకటుంది. వాడు ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ నేను రోజూ మధ్యాహ్నం అన్నం వండి తీసుకెళ్లాను. పప్పు, చారు, ఓ కూర. మీనాక్షి పోయాక నాకోసం కూడా అలా వండుకోలేదు. దియా, వాళ్ల అత్తమామలూ ఆ వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని తినేవారు. హర్షిత్ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, అన్నయ్యగారూ, మీ ఋణం తీర్చుకోలేం అనేది. నేను తలూపేవాణ్ణి. నీకు రాస్తే నన్ను మెచ్చుకుంటావని రాయలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలింది.

నేను బూట్లు వేసుకుంటుంటే దియ వచ్చింది. చేతిలో నా స్టీలు క్యారేజీ. ఆఖరి రోజున వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నాలుగు గిన్నెలూ తోమి, తుడిచి, పేర్చి, పిడి బిగించింది.

"మీరు పెట్టింది మేం తిన్నాం అంకుల్," అంది. "రోజూ తిన్నాం."

క్యారేజీ నా చేతికిచ్చి తలుపు వేసేసింది.

జూన్ పన్నెండున నాచేత ప్రమాణం చేయించి ప్రశ్నలడుగుతారట. ఈసారి కేసు వెర్నన్ మీద కాదు, నా మీదే. లాయర్ పెట్టుకోమంటున్నారు, పెట్టుకుంటాను, కానీ అడిగినదానికల్లా జవాబు చెబుతాను. నువ్వు రావద్దు, నీ మోకాలితో విమానం ఎక్కవద్దు. నా కోసం ఏమైనా చెయ్యాలని నీకుంటే ఇంకొకటి చెయ్యి. డొరతీకి పిల్లలుండి ఉంటారు. అవనిని అడుగు, ఈ రోజుల్లో మనుషుల్ని వెతకడం వాళ్లకి నిమిషాల పని. ఆమె వేళకే వచ్చిందని వాళ్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

జగన్